మా బాపు తుపాకీ పొడవు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీ పిల్లలకు ఎప్పటి నుంచో తెలుసు. ఈ మధ్య పోలీసుస్టేషన్ వాళ్ళకు కూడా తెలిసింది. మంచిర్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే దాన్ని, తుపాకులతో నాకేం పని? అయినా ఇవాళ ఎవరైనా పాతకాలపు బోల్టు రైఫిల్ ఒకటి తెచ్చి నా ముందు పెడితే, దాని ఉక్కు ఏ దేశంలో పుట్టిందో, గొట్టం ఎవరు బిగించారో, అది ఏ రకమో చూసి చెప్పేస్తాను. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. ఇది ఊరికే వచ్చిన గొప్ప కాదు, పోట్లాడి తెచ్చుకున్నది.

అంతా ఒక నోటీసుతో మొదలైంది. మా తాత కాలం నాటి వేట రైఫిల్ ఒకటి ఏండ్ల తరబడి స్టేషన్ మాల్‌ఖానాలో, అంటే పట్టుకున్న సామాను దాచే గదిలో, పడి ఉంది. దాని తగాదా తేలలేదు కాబట్టి, సరైన రుజువుతో ఎవరూ రాకపోతే దసరా తరువాత మిగతా పాత ఆయుధాలతో పాటు ముక్కలు చేయిస్తామని నోటీసులో రాశారు. బాపు ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ జరగనట్టు గిర్నికి పోయాడు. నస్పూర్‌లో మాకు పిండి గిర్ని ఉంది. ఆ రోజు ఆయన పట్టిన పిండి రవ్వరవ్వగా వచ్చిందని ఇద్దరు ముగ్గురు తిరిగి తెచ్చారు.

తగాదా ఏమిటో చెప్పాలి. మాది జైనూర్ పక్కన అడవి అంచు పల్లె. ఊరు విడిచిపోతున్న ఒక అడవి కంట్రాక్టరు దగ్గర తాత ఆ రైఫిల్ కొని, లైసెన్సు తన పేరు మీద చేయించుకున్నాడు. జొన్న చేలో అడవిపందులు పడితే కాపలాకు అదే ఆధారం. తాత తరువాత లైసెన్సు బాపుకు వచ్చింది. నేను బడికి కూడా పోని వయసులో, అన్నల, అంటే నక్సలైట్ల, రోజుల్లో, తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమని హుకుం వచ్చింది. బాపు తీసుకుపోయి అప్పగించాడు. అక్కడ చూస్తే లైసెన్సులో ఒక నంబరు, తుపాకీ మీద ఇంకో నంబరు. ఊళ్ళో విచారిస్తే, తాత తుపాకీ ఇంకా పొడుగ్గా ఉండేదని సొంత పాలోడే చెప్పాడు. ఆయన బాపుకు వరుసకు తమ్ముడు, నాకు కాక.

ఇంకేముంది. అసలు తుపాకీని అన్నలకిచ్చేసి, ఎక్కడిదో పొట్టిది తెచ్చి స్టేషన్లో పెట్టాడన్నారు. బాపును ఎన్నిసార్లు పిలిపించారో, ఎంతెంతసేపు నిలబెట్టారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. రుజువు లేక కేసు పెట్టలేదు, నమ్మకం లేక తుపాకీ తిరిగి ఇవ్వలేదు. అన్నలకు తుపాకీ ఇచ్చినవాడని ఒకరు దూరం జరిగారు. ఇచ్చిన సంగతి పోలీసులకు భయపడి దాచాడని ఇంకొకరు ఎగతాళి చేశారు. చివరికి ఊరు విడిచి నస్పూర్‌కు వచ్చి గిర్ని పెట్టుకున్నాం. అయినా పెళ్ళి బంతుల్లో కాక వదిలేవాడు కాదు.

"ఏం అన్నా, నీ పొడుగు తుపాకి ఇప్పుడు ఏ గుట్టల తిరుగుతున్నదో ఏమన్న ఖబర్ ఉన్నదా?" అని విస్తట్లో అన్నం కలుపుకుంటూ అడిగేవాడు. బంతి అంతా నవ్వేది. బాపు కూడా నవ్వినట్టు మొహం పెట్టి పప్పు వడ్డించుకునేవాడు. నాకు మాత్రం ముద్ద దిగేది కాదు.

అందుకే నోటీసు చూడగానే నాకు భయం కన్నా ముందు ఉత్సాహం వచ్చింది. రుజువు తెమ్మన్నారు కదా, తెస్తాను. ఆ తుపాకీ ముక్కలైతే బాపు తరఫున సాక్ష్యం చెప్పేది ఇక లోకంలో ఏదీ ఉండదు. ఆ మాటే ఆ సాయంత్రం బాపుతో అన్నాను.

"ఊకో బిడ్డా," అన్నాడు. "పాత పుండు. గెలుకుతె ఏమొస్తది?"

"ఊకుంటే తుపాకి పోతది బాపు."

"పోనీ."

పక్కన అవ్వ, అంటే మా అమ్మ, చాటలో బియ్యం చెరుగుతోంది. ఆమె తల ఎత్తలేదు. నాకు ఆ 'పోనీ' అస్సలు నచ్చలేదు. తప్పు చేయని మనిషి అట్లా అంటాడా? ఊరి జనం మాట నిజమేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. నిజమైతే నిజమే తెలుస్తుంది, తెలియక చావడం కన్నా అది నయం అనుకున్నాను. మరుసటి రోజే స్టేషన్‌కు పోయాను.

ఎస్సై ఒక ఆడమనిషి, నాకన్నా చిన్నది, మాట కరుకు. పాత ఫైలు తిప్పి చూసి, "మేడమ్, చూసుడు వరకే. నా ముంగట్నే చూడాలె. ఫోటోలు తీసుకోండ్రి, కానీ విప్పుడు, పీకుడు ఉండొద్దు," అంది. రైఫిల్‌ను బల్ల మీద పెట్టించింది.

నేను దాన్ని చూడడం అదే మొదటిసారి, ఊహ తెలిశాక. తలుపు గడియలా పైకి ఎత్తి వెనక్కు లాగే బోల్టు, నిమ్మకాయంత గుండు ఉన్న దాని పిడి, అక్రోటు కట్టె. బోల్టు నడిచే ఉక్కు డబ్బా మీద ఒక నంబరు స్పష్టంగా ఉంది. అది లైసెన్సులో ఉన్న నంబరు కాదు. గొట్టం మీద నంబరు ఉండాల్సిన చోట అంతా నున్నగా అరిగి ఉంది. పోలీసులకు అది ఎవరో కావాలని గీకినట్టు కనిపించిందని ఫైల్లో రాసి ఉంది. నాకు మాత్రం చూడగానే నవ్వొచ్చింది. మా నాయనమ్మ దసరాకు జమ్మి పూజ ముందు ఇంట్లో ఉన్న లోహమంతా తోమించేది. ఆయుధ పూజకు పెట్టే తుపాకీని కూడా చెంబులూ తాంబాళాలతో కలిపి చింతపండూ బూడిదా పెట్టి కోడలి చేత రుద్దించేది. ఇత్తడికి మెరుపు వచ్చేది, తుపాకీకి నల్ల పూత ఊడేది. ప్రపంచంలో ఇంకెక్కడా వేట రైఫిల్‌ను చింతపండుతో తోమి ఉండరు. ఎస్సైకి ఆ మాట చెప్తే ఆమె పెదవి కొరుక్కుని, "మా ఇంట్ల గూడ గొడ్డలికి గట్లనే చేస్తరు," అని ఒప్పుకుంది.

సరే, అరుగుడు సంగతి తేలింది. నంబరు సంగతి తేలలేదు.

లైసెన్సులో తయారుచేసినవాడి పేరని ఒకటి రాసి ఉంది. గొట్టం మీద సగం చెరిగిన అక్షరాల్లో అదే పేరు. ఆ పేరు పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చుని వెతికాను. పాత రైఫిళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు ఒకచోట చేరి మాట్లాడుకునే వెబ్‌సైట్లు ఉన్నాయి. వాళ్ళకు బోల్టు పిడి వంపు చూపిస్తే చాలు, అన్నం నీళ్ళు మాని వాదించుకుంటారు. ఆ పేరుతో తుపాకులు తయారుచేసినవాడు లేనే లేడని అందరూ ఒకే మాట చెప్పారు. నాకు పిచ్చెక్కినంత పనైంది.

దారి మా వంటింట్లోనే దొరికింది. స్టీలు గిన్నె కడిగి బోర్లిస్తూ దాని మీద చెక్కిన పేరు చూశాను. మా మేనత్త నా పెళ్ళికి పెట్టిన గిన్నె, మేనత్త పేరే చెక్కి ఉంది. గిన్నె చేసింది మేనత్త కాదు కదా. తుపాకీ మీద ఉన్నది కూడా అమ్మినవాడి పేరే అయి ఉండాలి. మళ్ళీ వెతికితే బొంబాయిలో ఆ పేరుతో ఒక పాత దుకాణం ఉండేదని, ఇంగ్లండు నుంచి రైఫిళ్ళు తెప్పించి తన పేరు చెక్కించి అమ్మేదని తేలింది. తడి చేతులతోనే చప్పట్లు కొట్టుకున్నాను.

మరి ఇంగ్లండులో ఏ దుకాణం? అది తెలియాలంటే రకాలు తెలియాలి. ఒకే తీరు రైఫిల్‌ను ఒక్కో దుకాణం తన పద్ధతిలో ముస్తాబు చేసేది. వెనక గురి చూసే రేకులు ఒకరివి నిలబడి ఉంటాయి, ఒకరివి మడుచుకుంటాయి. గుండ్లు నింపే పెట్టె అడుగు మూత ఒకరిది నొక్కితే తెరుచుకుంటుంది, ఒకరిది చిన్న మీట తిప్పితే. మా తుపాకీది మీట, అదీ ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ లోపల దాగిన మీట. అచ్చం అట్లాంటి మీట ఉన్న రైఫిల్ ఫోటో ఒకటి వెబ్‌సైటులో కనబడింది. పెట్టినవాడిది కరీంనగర్. పరాయి దేశాల్లో వెతుకుతున్నది బస్సెక్కి పోయేంత దూరంలో ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆయన రిటైరైన వకీలు. కరీంనగర్‌లో పాత మేడ, ముందు గదిలో అద్దాల బీరువా, అందులో లైసెన్సుతో ఉన్న రైఫిల్. నా ఫోన్లో ఫోటోలు చూసి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"అమ్మా, ఇది మామూలు తుపాకి కాదు. నాదీ నీదీ ఒక్క దుకాణం బిడ్డలే. కాకపోతే నాది పొడుగు రకం, నీది పొట్టి రకం. కొండలల్ల గుర్రం మీద తిరిగే షికారీల కోసమని కొన్నే చేసిండ్రు. ఇండియాల ఒక్కటి గూడ కండ్లచూడలే నేను!"

పొట్టి రకం! పుట్టుకతోనే పొట్టిది! ఆ మాటకు నాకు రెక్కలొచ్చాయి. అంటే తాత కొన్నదే పొట్టి తుపాకీ అన్నమాట. మరి పొడుగని కాక ఎట్లా చెప్పాడు? ఫైల్లో కాక మాట ఉంది, నిలబెడితే తుపాకీ తన చెవి దాకా వచ్చేదని. కానీ తాత బతికి ఉన్నప్పుడు కాకకు ఎన్నేండ్లు ఉంటాయి? ఎదిగే పిల్లగాడి చెవితో కొలిచి మా బాపును ఊరు వెళ్ళగొట్టారా అని కరీంనగర్ బస్సులో కూర్చుని ఒక్కదాన్నే పళ్ళు నూరాను. పక్కసీటు ఆమె జరిగి కూర్చుంది.

వకీల్‌సాబ్ చెప్పిన ఇంగ్లండు దుకాణం ఇప్పుడు లేదు. దాని పాత తయారీ రికార్డులను కాపాడుతున్నవాళ్ళు ఉన్నారు. మా నంబర్లు రెండూ, ఫోటోలూ పెట్టి ఈమెయిల్ రాశాను. జవాబు రాసింది ఒక ముసలామె. మర్యాదగా, నిదానంగా, నా ప్రాణం తోడేసేంత నిదానంగా రాసింది. ఆ రోజుల్లో వాళ్ళ దుకాణం బోల్టు నడిచే ఉక్కు డబ్బాను జర్మనీ కార్ఖానా నుంచి తెప్పించుకునేదట. దాని మీద జర్మనీవాళ్ళ నంబరు ముందే ఉండేది. దానికి గొట్టం బిగించి, కట్టె అమర్చి, గొట్టం మీద తమ సొంత నంబరు వేసేవాళ్ళు. ఒకే తుపాకీకి రెండు నంబర్లు, రెండూ నిజమైనవే. మీరు పంపిన రెండు నంబర్లూ మా రికార్డులో ఒకే వరుసలో పక్కపక్కన ఉన్నాయి, బొంబాయి దుకాణానికి పంపినట్టు కూడా ఉంది, అని రాసింది.

స్టాఫ్‌రూంలో నేను వేసిన కేకకు ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు. లైసెన్సు రాసినవాడు గొట్టం మీద నంబరు చూసి రాశాడు. చింతపండు దాన్ని తినేశాక, పోలీసులు ఉక్కు డబ్బా మీద నంబరు చూశారు. అంతే సంగతి. ఇంతోటి దానికి మా బాపు ఇన్నేండ్లు దొంగయ్యాడు. అప్పటికప్పుడు లడ్డూలు తెప్పించి అందరికీ పంచాను. నా లడ్డూ సగం నోట్లో ఉండగా ఈమెయిల్ చివరి వాక్యం చదివాను. ఈ రైఫిల్ పొట్టి రకం కాదు, గొట్టం ఇరవై ఆరు అంగుళాలు, అని రాసి ఉంది.

స్టేషన్లో మేము కొలిచింది ఇరవై రెండు.

కాక చెవి అబద్ధం చెప్పలేదన్నమాట. నోట్లో లడ్డూ మట్టిలా అయింది. వకీల్‌సాబ్‌కు ఫోన్ చేస్తే ఆయనకు నాకన్నా ఎక్కువ బాధ కలిగింది, అరుదైన పొట్టి రకం చేజారిపోయినందుకు. ఎస్సైకి ఈమెయిల్ చూపిస్తే మెచ్చుకుంది, కానీ తల అడ్డంగా ఊపింది. "సగం గెల్చిండ్రు మేడమ్. ఉక్కు డబ్బా తాతదే, ఒప్పుకుంట. మరి గొట్టం? పొడుగు గొట్టం అడవికి పంపి, వేరే పొట్టి గొట్టం బిగిచ్చిండ్రని అంటే ఏం చెప్తరు?"

ఆ రాత్రి... వద్దులెండి, బాపు మొహం చూడలేకపోయానని చెప్తే చాలు.

ఉపాయం క్లాసులో తట్టింది. సన్నటి వస్తువుల లావు కొలిచే వెర్నియర్ కాలిపర్స్ గురించి పాఠం చెప్తూ, ఉదాహరణకు జొన్న దంటు తెమ్మన్నాను. దంటు మొదట్లో లావు, పోనుపోను సన్నం. మధ్యలో నరికితే నరికిన చోట ఇంకా లావుగానే ఉంటుంది. అది నోటితో చెప్తూనే చేతిలో చాక్‌పీస్‌తో నిలబడిపోయాను. తుపాకీ గొట్టమూ అంతే! మొదట లావు, మూతి దగ్గర సన్నం. ముసలామెకు రాసి అడిగాను. పొట్టి రకమైనా, పొడుగు రకమైనా మూతి లావు ఒకటే ఉండేట్టు చేసేవాళ్ళమని జవాబు ఇచ్చింది. పొట్టి దాన్ని మొదటి నుంచే త్వరగా సన్నం చేసేవాళ్ళట. అంటే మా తుపాకీ మూతి సన్నగా ఉంటే అది వేరే గొట్టం. లావుగా ఉంటే, అది పొడుగు గొట్టమే, ఎవరో కోశారు.

లాబ్‌లో వెర్నియర్ తీసుకుని కరీంనగర్ పోయాను. వకీల్‌సాబ్ పొడుగు రైఫిల్‌ను బల్ల మీద పరిచి, మొదటి నుంచి ఇరవై రెండో అంగుళం దగ్గర దారం చుట్టి, ఆ చోట లావు కొలిచాం. ఆయన ఒకసారి చదివాడు, నేను ఒకసారి చదివాను, ఒకరినొకరు నమ్మక మళ్ళీ చదివాం. అక్కడి నుంచి తిన్నగా స్టేషన్‌కు వచ్చాను. ఎస్సై తుపాకీ పట్టుకుంది, నేను మూతికి వెర్నియర్ బిగించాను. గీత మీద గీత కూర్చుంది. వకీల్‌సాబ్ గొట్టం ఇరవై రెండో అంగుళం దగ్గర ఎంత లావో, మా మూతి అంత లావు. అదే గొట్టం! తాత గొట్టమే! అడవికి పోలేదు, గుట్టలెక్కలేదు, నాలుగు అంగుళాలు పొట్టిదై ఇక్కడే ఉంది!

"గెలిచిన!" అని స్టేషన్లో అరిచాను. లోపల లాకప్‌లో ఉన్న తాగుబోతు కూడా ఉలిక్కిపడి లేచాడు.

ఎస్సై నవ్వింది. తరువాత నవ్వు ఆపేసింది. "మేడమ్, ఒక మాట. సర్కారు అనుమతి లేకుంట తుపాకి గొట్టం కోసుడు గూడ నేరమే. ఎవలు కోసిండ్రు, ఎందుకు కోసిండ్రు, మీ బాపు వచ్చి చెప్పాలె. పంచనామా చేస్త."

ఒక నింద నుంచి లాగి ఇంకో నేరంలో పడేశానా? ఆ వేడి మీదే ఇంటికి పోయి బాపును నిలదీశాను. ఆయన మంచం మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"చంద్రపూర్‌ల గొట్టం కోపిచ్చిన," అన్నాడు. "దుకాణపోనికి లైసెన్సు ఉండె. ముందర గురి చూసే ముక్కు ఉన్నది సూడు, దాని కింద వాని మొహరు ఉంటది."

"ఎందుకు కోపిచ్చినవ్?"

"మూతి పగిలింది."

"గీ ముక్క అప్పుడే చెప్తే అయిపోవు గద బాపు! గిన్నేండ్లు ఎందుకు నోరు మూసుకున్నవ్?"

ఆయన అవ్వ వైపు చూశాడు. అవ్వ లేచి లోపలికి పోయింది.

పంచనామా రోజు ఎస్సై ఇద్దరు సాక్షులను పిలిపించింది. అందులో ఒకరు కాక, పాత ఫైల్లో ఆయన మాట ఉంది కాబట్టి. తెల్ల ధోతీ కట్టుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. రావద్దన్నా వినకుండా అవ్వ కూడా మాతో వచ్చి గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. ముందుగా ఎస్సై గొట్టం చివర ముక్కును తుడిపించి భూతద్దంతో చూసింది. ఇత్తడితో అతికిన ముక్కు అడుగున మరాఠీ అక్షరాల చిన్న ముద్ర ఉంది. చంద్రపూర్‌కు ఫోన్ చేసి కనుక్కుంది. ఆ దుకాణం ఆ కాలంలో లైసెన్సు ఉన్న మరమ్మతు దుకాణమే, అలా బాగుచేయడానికి దానికి అనుమతి ఉండేదట. నా గుండె మీది బండ దిగిపోయింది. కాక గొంతు సవరించుకున్నాడు.

"అయితే అన్నా, నేను పొడుగన్నది నిజమే గద?"

"నిజమే కాకా," అన్నాను. "నీ చెవి మంచిదే. నాలుకనే మంచిది కాదు."

ఎస్సై నన్ను కళ్ళతోనే గదిమి బాపు వైపు తిరిగింది. "మూతి ఎట్ల పగిలింది పెద్దాయనా?"

"లోపల మట్టి ఉండె. పందులు పడ్డయని ఉరికిన, సూసుకోలే, పేల్చిన. నాదే తప్పు. రాసుకోండ్రి."

"తుపాకి లోపల మట్టి ఎట్లొచ్చింది? అది గూడ రాయాలె నేను."

బాపు నేల చూశాడు. "నాదే తప్పంటున్న గద," అన్నాడు మళ్ళీ. కాక చిన్నగా నవ్వి, "షికారికి సిగ్గయితుంది మేడమ్, తుపాకి సంబాళించుకోలే," అన్నాడు.

అప్పుడు అవ్వ బెంచీ మీది నుంచి లేచింది. కొంగు నడుముకు చుట్టుకుని ఎస్సై బల్ల దాకా నడిచి వచ్చింది.

"రాయి బిడ్డా, నేను చెప్త. పెండ్లయి ఎన్నేండ్లకు గూడ నా కడుపు పండలే. మా అత్త అనని మాట లేదు. గప్పుడు కుమ్మరి పురుగు వచ్చి గోడకున్న గీ తుపాకి మూతిల మట్టి గూడు వెట్టింది. కుమ్మరి పురుగు గూడు వెట్టిన ఇంట్ల పిల్లకు తొట్టె కడుతరంటరు. ఎవ్వలు ముట్టద్దని మా అత్తనే చెప్పింది. గా నెలనే నేను నీళ్ళోసుకున్న. గీ బిడ్డ పుట్టింది." నా వైపు చెయ్యి చూపించింది. "పుట్టినంక గూడ నాకు గూడు తియ్యబుద్ధి కాలే. ఈన తీస్తనంటే నేనే తియ్యనియ్యలే. పంది పడ్డ నాడు ఈన మరిచిపోయి పేల్చిండు. మూతి అరటిపువ్వు లెక్క ఇచ్చుకపోయింది. గప్పటికే ఆడపిల్ల పుట్టిందని మా అత్త గుర్రుగున్నది. మూతి పగిలిన ముచ్చట తెలిస్తే, గీ పిల్ల అడుగు వెట్టుడుతోనే ఇంటి ఆయుధం పగిలింది, నష్టజాతకురాలు అని ఊరంత చాటేది. బిడ్డ బతుకంత గా పేరే ఉండేది. అందుకే దొంగతనంగ తీస్కపోయి కోపిచ్చుకొచ్చిండు. మా అత్తకు చూపు ఆనక గుర్తువట్టలే. తరువాత పోలీసోళ్ళు పిలిచినా చెప్పలే, ఊరోళ్ళు ఉమ్మినా చెప్పలే. మా అత్త పోయినంక చెప్పుమంటే, బిడ్డ పెండ్లీడుకొచ్చింది, ఇప్పుడు వద్దన్నడు. పెండ్లయినంక చెప్పుమంటే, అత్తగారింట్ల ఇనిపిస్తదన్నడు. నన్ను గూడ చెప్పనియ్యలే."

ఎస్సై కలం ఆగిపోయింది. కాక భుజం మీద కండువా తీసి మొహం తుడుచుకుని, బాపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"అన్నా," అన్నాడు. "నన్ను కొట్టు."

"కూసోరా," అన్నాడు బాపు.

ఎస్సై అంతా రాసి చదివి వినిపించింది. కాక అందరికన్నా ముందు సంతకం చేశాడు. తుపాకీ లైసెన్సు ప్రకారం అసలుదేనని, దుర్వినియోగం ఏదీ జరగలేదని రిపోర్టు కలెక్టరాఫీసుకు పోతుందని ఎస్సై చెప్పింది. ముక్కలు చేసే జాబితాలో దాని వరుస మీద ఎర్ర గీత కొట్టింది. పండుగ రోజు కూడా నాకు అంత సంతోషం ఎరుక లేదు. గెలిచాం, నూటికి నూరుపాళ్ళు గెలిచాం. నా వెర్నియర్, నా రకాలు, నా రెండు నంబర్లు అన్నీ నిజమైనాయి. ఇంత కనుక్కున్నదాన్ని, ఆ నాలుగు అంగుళాలు ఎక్కడ పోయాయో మాత్రం కనుక్కోలేకపోయాను.

"పెద్దాయనా, మీకు వయసైంది," అంది ఎస్సై కాగితాలు సర్దుతూ. "లైసెన్సుకు వారసుల పేరు పెట్టి దరఖాస్తు ఇయ్యుండ్రి. ఎవల పేరు రాయాలె?"

బాపు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నా బిడ్డ పేరు రాయి," అన్నాడు, స్టేషనంతా వినబడేట్టు. "గీమె పుట్టినంకనే మా ఇంట్లకు మంచిదినాలు వచ్చినయి."

అప్పటిదాకా కోపంతోనే అన్నిటినీ నెట్టుకొచ్చిన నేను, ఎస్సై ముందూ కాక ముందూ సిగ్గు లేకుండా బోరున ఏడ్చాను. బాపు తన కండువాతో నా మొహం తుడిచి, "గెల్చినంక ఏడుస్తరా పిచ్చిదానా," అన్నాడు.